కుజె లైన్‌లో నాలుగు సెకన్లు

ఏప్రిల్ 9, మంగళవారం

కుజె లైన్‌కు కొత్త డ్రైవర్ దొరికాడు. ఇంకా డ్రైవర్ కాలేదు. మార్చిలో రాతపరీక్ష పాసయ్యాడు, నిన్నటి నుంచి బండి మీద శిక్షణ. పేరు నగురా మిత్సురు. వయసు నలభై ఒకటి. ఒసాకాలో పద్దెనిమిదేళ్లు పళ్ల సెట్లు తయారుచేసే పనిలో ఉండి, అది మానేసి ఇక్కడికి వచ్చాడు.

ఇరవై ఏడు కిలోమీటర్లు, పదకొండు స్టేషన్లు, నలుగురు డ్రైవర్లు. నలుగురిలో పెద్దవాడైన ఇసొబెకు అరవై ఆరేళ్లు. సెప్టెంబర్ ఆఖరుకి విరమిస్తాడు. అతని చోటు నిండకపోతే అక్టోబర్ టైంటేబుల్లో సాయంత్రం చివరి రెండు బండ్లు ఉండవు. హైస్కూల్లో ఆటలకీ బ్యాండుకీ ఆగిపోయే పిల్లలు ఆ రెండింట్లోనే ఇంటికి వస్తారు. మూడేళ్లు ప్రకటనలు ఇచ్చినా ఒక్కరూ రాలేదు. కిందటేడు కంపెనీ ప్రకటనలో ఒక వాక్యం చేర్చింది. రైలు నడిపే వీడియో గేములు ఆడేవాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చని.

నగురా ఆడేవాడు మాత్రమే కాదు. ఉచితంగా దొరికే ఒక సిమ్యులేటర్‌లో కుజె లైన్‌ను కట్టింది అతనే. ఎనిమిదేళ్లు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, బండి ముందు అద్దం దగ్గర కెమెరా పట్టుకుని నిలబడి, ప్రతి స్తంభాన్నీ ప్రతి మలుపునూ గేములోకి ఎక్కించాడు.

ఈ లైన్ మీద ఎన్నిసార్లు నడిపారని అడిగాను. గేములో మూడు వేల నూట పన్నెండు, బయట సున్నా అన్నాడు. రెండు అంకెలూ ఒకే గొంతుతో చెప్పాడు.

పరీక్ష సెప్టెంబర్‌లో. మా పత్రిక డెస్క్‌లో ఉండే దెగుచి దీన్ని సిరీస్‌గా రాయమన్నాడు.

ఏప్రిల్ 21, ఆదివారం

నగురా అద్దె ఇంటికి వెళ్లాను. పరుపు, బియ్యం కుక్కర్, పెద్ద స్క్రీన్, దాని ముందు రెండు హ్యాండిళ్ల పెట్టె. ఎడమది పవర్, కుడిది బ్రేక్. మధ్యలో, ఎడమ బొటనవేలికి అందేలా చిన్న గుండ్రటి బటన్. అది పాజ్.

ఇల్లు అద్దెకిచ్చినావిడ నన్ను మెట్ల దగ్గరే ఆపి, లోపల ఎవరితోనో రోజూ గొడవ పడుతున్నాడండీ, కాస్త కనుక్కోండి అంది. గొడవ కాదు. ప్రతి సిగ్నల్‌కీ వేలు చూపించి రంగు పేరు గట్టిగా పలుకుతాడు. నిజమైన డ్రైవర్లు బండిలో చేసేదే, ఇతను ఇంట్లో స్క్రీన్ ముందు చేస్తున్నాడు.

నన్నూ కూర్చోబెట్టాడు. మొదటి స్టేషన్ కమినొలో అరవై మీటర్లు దాటి ఆపాను. తర్వాత పద్నాలుగు. తర్వాత మూడు. స్క్రీన్ మూల ఇంకా ఎన్ని మీటర్లున్నాయో చూపే అంకె తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయ్యే క్షణానికి చక్రం ఆగాలి, గడియారం కూడా కలవాలి. రెండూ కలిస్తే సన్నగా ఒక గంట మోగుతుంది. ఆ గంట కోసం రెండు గంటలు కూర్చున్నాను. నేను వెళ్లింది ఇంటర్వ్యూకి. ప్రశ్నలు నాలుగే అడిగాను.

ఇందులో ఏముంది అన్నది మూడో ప్రశ్న. పన్ను చేస్తే వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా చేస్తాం, కానీ అది ఎవరి నోట్లోకి వెళ్లిందో, సరిపోయిందో లేదో మాకెప్పుడూ తెలియదు, ఇక్కడ మూడు నిమిషాలకోసారి తెలుస్తుంది అన్నాడు.

మే 3

దెగుచి ఇచ్చిన పాత కంప్యూటర్‌లో ఆ గేము వేయించి ఇంట్లో పెట్టుకున్నాను. హ్యాండిళ్ల పెట్టె నగురా దగ్గర రెండోది ఉంటే అడిగి తెచ్చుకున్నాను. సిరీస్ కోసమని చెప్పాను. ఇవాళ కమినొలో నలభై సెంటీమీటర్ల తేడాతో ఆపాను. అది ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మే 14, మంగళవారం

కంపెనీ అనుమతితో డ్రైవర్ క్యాబిన్ వెనక నిలబడి వెళ్లాను. ఒంటిపెట్టె డీజిల్ బండి, కండక్టర్ లేడు. నడిపేదీ, తలుపులు తెరిచేదీ, టికెట్లు చూసేదీ డ్రైవరే. నగురా కుర్చీలో, ఇసొబె పక్కన నిలబడి. ఇక్కడ శిక్షణలో ఉన్నవాళ్లు నేర్పేవాడిని గురువుగారు అంటారు. నగురా కూడా అలాగే పిలుస్తున్నాడు.

ఇసొబె జేబురుమాలు తీసి స్పీడ్ మీటర్ మీద కప్పాడు. ఎంతలో పోతున్నాం అని అడిగాడు. నగురా నలభై మూడు అన్నాడు. రుమాలు తీస్తే యాభై ఒకటి.

తకనెలో ఏడు మీటర్లు దాటి ఆపాడు. గేములో ఆరేళ్లుగా ఆ స్టేషన్‌లో ఒక్క మీటరు కూడా తప్పలేదట. చెవులు ఎర్రబడ్డాయి. ఇసొబె అరవలేదు. "స్క్రీన్ మూల నీకో అంకె కనబడుతుందటగా, అది ఇక్కడ ఎవరూ వెయ్యరయ్యా. కళ్లతో ఆపకు. నడుముతో ఆపు" అన్నాడు.

అదేమిటో తెలుసుకోవాలని తిరుగు ప్రయాణంలో కళ్లు మూసుకుని కూర్చున్నాను. బ్రేక్ పడినప్పుడు ఒళ్లు ముందుకు జారుతుంది, అది ఎంతనేది తుంటి ఎముకకు తెలుస్తుంది. మా ఇంట్లో కుర్చీకి అది తెలియదు.

మే 28

నిన్న డిపో విశ్రాంతి గదిలో ఇసొబె గేము ఆడాడు. అక్కడున్న ఇద్దరు డ్రైవర్లు పట్టుబట్టి కూర్చోబెట్టారు. నలభై నాలుగేళ్ల అనుభవం. మొదటి స్టేషన్‌లో ఇరవై రెండు మీటర్లు దాటాడు. రెండోసారి ముప్పై ఒకటి, పెద్ద అక్షరాలతో గేమ్ ఓవర్. ఒక డ్రైవర్, అన్నా, సెప్టెంబర్ దాకా ఆగడమెందుకు, ఇవాళే దిగిపో అన్నాడు. ఇసొబె కుర్చీ బాగాలేదన్నాడు.

మూడోసారి ఆపడం మీద దృష్టి పెట్టలేదు. పరిసరాలు చూస్తూ వెళ్లాడు. పదకొండో కిలోమీటరు దగ్గర బండి ఆపేసి, ఈ చెట్టు ఇంకా ఉందే అన్నాడు. తుపానుకి పడిపోయిన పండ్ల చెట్టు. తకనె సొరంగం ముందు సిగ్నల్ జానెడు కిందికి ఉండాలని చెప్పాడు. నగురా రాసుకున్నాడు. ఇవాళ చూస్తే సిగ్నల్ దిగింది. చెట్టును మాత్రం తియ్యలేదు, ఎందుకని అడిగితే గురువుగారు తియ్యమనలేదు అన్నాడు.

జూన్ 19

ఇవాళ పదకొండు స్టేషన్లలోనూ అర మీటరు లోపే. ఇసొబె ఏమీ అనలేదు. ఇసొబె ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టు అని డిపోలో చెప్పారు.

జులై 5, శుక్రవారం

మెచ్చుకోలు రెండు వారాలు నిలిచింది. ఇవాళ లైన్ మొదలయ్యే హోన్-ఇవాసెలో ఇరవై సెకన్లు ఆలస్యంగా బయలుదేరారు. నగురా దారిలో ఆ ఇరవై సెకన్లూ సంపాదించి తకనెలో సరైన సెకనుకి, ఆగాల్సిన గీత మీదే ఆపాడు. గేములో అయితే దీనికి అదనపు పాయింట్లు వస్తాయి. అతని ముఖం చూస్తే గంట మోగిందనే అనిపించింది.

కమినొలో ఎంతమంది దిగారు అని ఇసొబె అడిగాడు. నగురాకు తెలియదు. అద్దంలో చూశాను, ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది, తలుపు వేశాను అన్నాడు. ఇద్దరు దిగారు, ఒకావిడ కర్ర పట్టుకుని నీ వెనకే నిలబడి వందనం చేసింది, నువ్వు గడియారం చూసుకుంటున్నావు అని ఇసొబె చెప్పాడు. ఆవిడను నేనూ చూశాను.

ఇంటికొచ్చి గేములో కమినొ దగ్గర ఆగి చూశాను. ప్లాట్‌ఫాం మీద నలుగురు నిలబడి ఉన్నారు. ఎక్కరు, దిగరు. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. వెనక్కి తిరిగి చూద్దామంటే ఏ బటనూ లేదు. ఆ గేములో వెనక అనేదే లేదు.

ఆగస్టు 7, బుధవారం, సాయంత్రం 7:50

తకనె సొరంగం దాటాక పల్లంలో జింక. చీకటి పడింది, హెడ్‌లైట్ వెలుగే ఉంది. వేగం నలభై ఎనిమిది. ఎడమ వైపు పొదల్లోంచి వచ్చింది. నగురా వెంటనే అత్యవసర బ్రేక్ లాగాడు. తానైనా అంతకంటే ముందు లాగేవాడిని కాదని తర్వాత ఇసొబె చెప్పాడు. ముందు భాగంలో దబ్బుమని చప్పుడు. తొంభై మీటర్లలో బండి ఆగింది.

ఆ తర్వాతి సంగతి రాస్తున్నాను. బండి ఆగగానే డ్రైవర్ చేయాల్సిన మొదటి పని రేడియో తీసి కంట్రోల్‌కు చెప్పడం. రేడియో కుడి వైపు ఉంటుంది. నగురా ఎడమ చెయ్యి పవర్ హ్యాండిల్ వదిలి జానెడు కుడికి జరిగింది. బొటనవేలు అక్కడున్న ఇనుప రేకును నొక్కింది. మళ్లీ నొక్కింది. అక్కడ ఏమీ లేదు.

అక్కడ ఏముంటుందో నాకు తెలుసు. మా ఇంట్లో టీ కాగినప్పుడల్లా నా బొటనవేలు నొక్కేది అదే.

ఇసొబె చెయ్యి చాచి రేడియో తీశాడు.

ప్రయాణికులు ఆరుగురు, ఎవరికీ దెబ్బలు లేవు. జింక లేచి కుంటుకుంటూ అడవిలోకి పోయింది. బండి కింద చూసి, కంట్రోల్ ఒప్పుకుని, కదిలేసరికి ఇరవై రెండు నిమిషాలు. ఆ బొటనవేలిని చూసింది ఇసొబె, నేను.

ఆగస్టు 8

రాయాలా వద్దా అని రాత్రి ఆలోచించాను. పొద్దున డిపోకి వెళ్లేసరికి ఆ ప్రశ్న మిగల్లేదు.

ఇక్కడ ఉలికిపాటు చీటీ అని ఒక పద్ధతి ఉంది. ప్రమాదం అంచుదాకా వెళ్లి తప్పిన ప్రతిసారీ, చేసినవాడే కాగితం మీద రాసి డిపో గోడకు అంటించాలి. పేరు రాయనక్కర్లేదు, తిట్టకూడదు, మిగతావాళ్లు చదివి సంతకం పెట్టాలి. ఇవాళ్టి చీటీ ఇది: "జింకను గుద్ది బండి ఆపాక రేడియో తీయలేదు. గేములోని పాజ్ బటన్ కోసం ఎడమ చేత్తో వెతికాను. నాలుగు సెకన్లు." పేరు లేదు. ఎవరు రాశారో అడగాల్సిన పని కూడా లేదు.

కంపెనీ రవాణా అధికారి దాన్ని మూడుసార్లు చదివాడు. ఇది మామూలు ఉలికిపాటు కాదు, జబ్బు అన్నాడు. పరీక్షకు పేరు పంపాలంటే భయంగా ఉందన్నాడు.

అప్పుడు ఇసొబె చెప్పాడు. చాలా ఏళ్ల కిందట గేటు దగ్గర ఒక చిన్న లారీని గుద్దాడట. బండి ఆగింది. లారీ రైతు చెయ్యి విరిగి అరుస్తున్నాడు. వెనక నుంచి కండక్టర్ పరుగెత్తుకొచ్చి చూస్తే ఇసొబె అద్దంలో చూసుకుంటూ టోపీ సరిచేసుకుంటున్నాడట.

"ఎంతసేపు సర్దుకున్నానో ఎవడూ లెక్కపెట్టలేదు. చీటీలో రాసేంత ధైర్యం నాకు లేకపోయింది. అప్పుడు జరగాల్సిన పని కండక్టర్ చూసుకున్నాడు. ఇప్పుడు కండక్టర్ లేడు, అందుకే వీడివి నాలుగు సెకన్లు కనబడ్డాయి" అన్నాడు.

పేపర్లో రాయవచ్చా అని నగురానూ ఇసొబెనూ అడిగాను. ఇద్దరూ రాయమన్నారు.

ఆగస్టు 11, ఆదివారం

వార్త అరవై రెండు లైన్లు రాసి ఇచ్చాను. పేపర్లో నలభై ఒకటి వచ్చాయి. ఆఖరి నిమిషంలో ప్రకటన పడిందట. పోయినవి ఇసొబె టోపీ, చీటీ పద్ధతి, లేచి వెళ్లిన జింక. మిగిలినవి నాలుగు సెకన్లు, పాజ్ బటన్, హైస్కూల్ పిల్లల బండి. హెడ్‌లైన్: ఆపద వేళ పాజ్ బటన్ వెతికిన గేమ్ డ్రైవర్.

దెగుచిని అడిగాను. "ఉజియె గారూ, నేను ఒక్క అబద్ధం చేర్చానా? తీశాను, అంతే" అన్నాడు. నిజమే. ఇరవై తొమ్మిదేళ్లలో నేనూ చాలామంది కాపీల్లోంచి తీశాను.

ఆగస్టు 14

కంపెనీకి మూడు రోజుల్లో నలభై ఫోన్లు. తల్లిదండ్రుల సంఘం సంతకాలు సేకరిస్తోంది. నగురాను పరీక్షకు పంపొద్దని.

ఆగస్టు 20

కంపెనీ డైరెక్టర్ కలిశాడు. ఈ నెలాఖరున కుజె సామూహిక భవనంలో ఊరివాళ్లతో సమావేశం పెడతారు. ఊరు ఒప్పుకోకపోతే పరీక్ష దరఖాస్తు వెనక్కి తీసుకుంటారు. మళ్లీ పరీక్ష వచ్చే వసంతంలోనే. అంటే అక్టోబర్‌లో ఆ రెండు బండ్లు పోతాయి. పోయిన బండిని మళ్లీ టైంటేబుల్లోకి తేవడం ఈ జిల్లాలో నేను చూడలేదు. నగురా అప్పటిదాకా ఉంటాడని కూడా అనుకోను.

అక్కడి నుంచి నగురా ఇంటికి వెళ్లాను. ఏం పోయిందో, ఎందుకు పోయిందో చెప్పాను. హెడ్‌లైన్ సరిగానే ఉంది, నేను వెతికాను కదా అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు లేదు.

గేమును మార్చాడు. పాజ్ బటన్ పని చెయ్యదు. స్క్రీన్ మూల మీటర్ల అంకె లేదు. పాయింట్లు లేవు, గంట లేదు. జింకను పెట్టాడు, ఎక్కడొస్తుందో తనకూ తెలియకుండా. గుద్దితే గేమ్ ఓవర్ కాదు. బండి ఇరవై రెండు నిమిషాలు కదలదు.

ఆడి చూశాను. తకనెకు రెండు కిలోమీటర్ల ముందు గుద్దాను. స్క్రీన్‌లో అదే పొద, అదే పట్టా. ఐదో నిమిషంలో ఫోన్ చూశాను. పదో నిమిషంలో అతని అల్మారాలో పుస్తకాల పేర్లు చదివాను. నగురా ఆ సమయంలో ఏం చేస్తాడో అడిగాను. లేచి నిలబడి, రేడియో లేని చోట రేడియో తీసి, పరుపు వైపు తిరిగి, ప్రయాణికులు లేని చోట ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగి చూపించాడు. రోజూ పొద్దున పది సార్లు.

ఇప్పుడిది ఎవరైనా ఆడతారా అని అడిగాను. ఎవరూ ఆడరండీ అన్నాడు. మొదటిసారి నవ్వడం చూశాను.

ఆగస్టు 31, శనివారం

అరవై కుర్చీలు, అన్నీ నిండాయి. డైరెక్టర్ వంగి క్షమాపణ చెప్పడం మొదలుపెట్టి చాలాసేపు వంగే ఉన్నాడు. తల్లిదండ్రుల సంఘం తరఫున తొనోయికె లేచింది. క్షౌరశాల నడుపుతుంది. కూతురు బ్యాండ్‌లో ఉంది, ఏడు నలభై బండిలో వస్తుంది.

"క్షమాపణలు అయిపోతే ఒకటి అడుగుతాను. డైరెక్టర్‌గారిని కాదు, ఆయన్ని. మా పిల్ల బండిలో ఉన్నప్పుడు మీ చెయ్యి బండిలో ఉంటుందా, మీ ఇంట్లో ఉంటుందా?"

నగురా లేచాడు. "ఆ రోజు నాలుగు సెకన్లు ఇంట్లో ఉందండీ. ఇంకెప్పుడూ ఉండదని మాటివ్వలేను. ఉంటే ఎంతసేపు ఉందో మాత్రం రాసి పెడతాను."

మాటివ్వలేను అన్నది చాలామందికి నచ్చలేదు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, మా ఆవిడ పళ్ల సెట్టు ఊడొస్తోంది బాబూ, నీకు వచ్చిన పనేదో అది చూడు అన్నాడు. నవ్వులు. నగురా తీవ్రంగా ఆలోచించి, పైదా కిందదా అని అడిగాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. అతను హాస్యానికి అడగలేదు.

అప్పుడు ఇసొబె ముందుకొచ్చాడు. "నా సంగతి పేపర్లో పట్టలేదట. అందుకని వచ్చి చెబుతున్నా" అని నా వైపు చూడకుండా అన్నాడు. టోపీ సంగతి చెప్పాడు. నలభై నాలుగేళ్లు ఇతని బండెక్కిన ఊరు అది.

వేదిక మీద నగురా మార్చిన గేముతో స్క్రీన్ పెట్టించాడు. ముందు తనే కూర్చున్నాడు. జింక వచ్చింది, బ్రేక్ లాగాడు, కుడి చెయ్యి పైకి లేచి టోపీ అంచు పట్టుకుంది. అది అతను కావాలని చేయలేదు. ఇన్నేళ్ల తర్వాత తన చెయ్యి అక్కడికి వెళ్లడం చూసుకుని ఇసొబె నోరు తెరిచాడు. ఆ తర్వాతే రేడియో అని పైకి అన్నాడు. నగురా గడియారం చూసి మూడు సెకన్లు అని చెప్పాడు, గురువుగారన్న మొహమాటం లేకుండా.

తొనోయికెను కూడా రమ్మన్నారు. వద్దంటూనే వెళ్లింది. జింకను చూడగానే బ్రేక్ లాగి, రెండు చేతులతో నోరు మూసుకుని, స్క్రీన్‌కు తల వంచి క్షమించండి అంది. హాలంతా నవ్వింది, ఆవిడ కూడా. ఇసొబె ఆరు సెకన్లు అన్నాడు.

ఆట అయిపోయిందనుకుని ఆవిడ లేవబోయింది. అవలేదండీ, ఇప్పుడే పని మొదలు అన్నాడు నగురా. స్క్రీన్ కదలకుండా నిలిచిపోయింది. అతను స్క్రీన్‌కు వీపు పెట్టి అరవై మందికి ఎదురుగా నిలబడ్డాడు. రేడియోలో చెప్పాల్సింది చెప్పాడు. వేలు చూపిస్తూ ఒక్కో వరసనూ దెబ్బలు తగిలాయా అని అడుగుతూ నడిచాడు. పిల్లల్ని కిటికీల నుంచి జరగమన్నాడు. మెట్లు దిగి, లేని చక్రాల మధ్య వంగి చూసి, ఎక్కాడు. ఎంత ఆలస్యమో, హోన్-ఇవాసెలో ఏ బండి తప్పిపోతుందో, ఇళ్లకు ఎవరు ఫోన్ చేస్తారో చెప్పాడు. వెనక వరస పెద్దాయన మనవరాలు ఉండబట్టలేక నిజంగానే చెయ్యెత్తి, మరి మా అమ్మకి ఎవరు చెబుతారు అని అడిగింది. జవాబు చెప్పాడు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ లేచి వెళ్లలేదు.

తొనోయికె సంతకాల కాగితం వెనక్కి తీసుకోలేదు. పెన్ను అడిగి ఒక వాక్యం కొట్టేసి ఇంకోటి రాసింది. పరీక్షకు పంపొద్దు అన్నది పోయింది. నలుగురు డ్రైవర్లూ నెలకోసారి ఈ హాల్లో, మా ముందు ఇది చేయాలి, సెకన్లు గోడకు అంటించాలి అన్నది వచ్చింది. ఒక డ్రైవర్ ముఖం మాడ్చుకున్నాడు. డైరెక్టర్ ఒప్పుకుని మళ్లీ వంగాడు.

సమావేశం వార్తకు దెగుచి డెబ్బై లైన్ల చోటిచ్చాడు. ఈసారి ప్రకటన ఏదీ పడలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

పరీక్ష. పరీక్షకుల బండిలోకి నన్ను ఎక్కనివ్వలేదు. తకనె ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చున్నాను. బండి వచ్చింది, ఆగింది, పోయింది. గీతకు బండికి మధ్య దూరం నా అడుగు కంటే తక్కువ. నగురా నన్ను చూడలేదు. వెనక్కి తిరిగి దిగేవాళ్లను చూస్తున్నాడు. దిగింది ఎవరూ లేరు, ఇవాళ అది ఖాళీ బండి.

సెప్టెంబర్ 19

పాసయ్యాడు. వివరాలు రవాణా అధికారి ఇచ్చాడు. మీటర్ కప్పి వేగం అడిగితే ఐదుసార్లూ మూడు కిలోమీటర్ల లోపు తేడా. ఆపడంలో ఎక్కువ తప్పినది అరవై సెంటీమీటర్లు. సమయం ఎనిమిది సెకన్లు ఆలస్యం. పట్టా మీద రాయి ఉందని పరీక్షకుడు అకస్మాత్తుగా అన్నప్పుడు బ్రేక్‌కి రేడియోకి మధ్య ఒక సెకను.

పరీక్షకుడు ఒకటి అడిగాడట. ఆగినప్పుడు ఎడమ చెయ్యి పిడికిలి ఎందుకు బిగించావని. అది ఎటూ పోకుండా అని నగురా చెప్పాడట. పరీక్షకుడు దానికి మార్కులు కలపలేదు, తీయలేదు.

అక్టోబర్ 17, గురువారం

ఏడు నలభై బండి. నగురా ఒక్కడే, పక్కన ఎవరూ లేరు. సిరీస్ చివరి భాగం కోసం ముందు సీట్లో కూర్చున్నాను. తొమ్మిది మంది ప్రయాణికులు, అందులో బ్యాండు పిల్లలు నలుగురు. హోన్-ఇవాసె సమయానికి. కమినొ సమయానికి, ఇద్దరు దిగారు. తకనె సమయానికి.

ఎవరో భుజం మీద తట్టారు. కళ్లు తెరిస్తే పెట్టె ఖాళీ, టోపీతో నగురా వంగి ఉన్నాడు. "ఉజియె గారూ, చివరి స్టేషన్, కుజె వచ్చేసిందండీ" అన్నాడు.

తకనె తర్వాత నోట్‌బుక్‌లో ఏమీ లేదు.